మరమనిషి మెదడెక్కడ? కీలెక్కడ?

2010 అక్టోబరులో విడుదలైన ‘రోబో’ సినిమా చూసిన వారినెవరినైనా ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. చిట్టి మెదడు ఎక్కడ ఉంది? దాదాపు అందరూ తలను చూపిస్తారు. కొందరు కాస్త ఆలోచించి, బోరా అమర్చిన ఎర్రచిప్పు సంగతి గుర్తుచేస్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న అడగండి. ఆ మెదడు చెప్పిన మాట చిట్టి మోకాలికి ఎలా చేరుతుంది? దీనికి మాత్రం జవాబు రాదు. అది ప్రేక్షకుల తప్పు కాదు, సినిమా చెప్పలేదు. మన కథల్లోని మరమనుషులకు మెదడు ఉంటుంది, కాళ్ళూ చేతులూ ఉంటాయి. ఆ రెంటి మధ్య ఏముందో చెప్పాలన్న ఆలోచన మాత్రం కథకులకు అరుదుగా వస్తుంది.

ఇందులో పెద్ద నష్టమేముంది, కాసేపు వినోదమే కదా అని మీరు అనవచ్చు. నష్టం ఉందనే ఈ వ్యాసం. యంత్రంలో బుద్ధి ఒక్క చోటే ఉందనుకుంటే, తప్పు కూడా ఒక్క చోటే ఉందనుకోవడం అలవాటవుతుంది. ఈ అలవాటు సినిమాహాలు దాటి కోర్టుల దాకా వచ్చింది.

చిలుకలో ప్రాణం

బాలనాగమ్మ కథ తెలియని తెలుగువారు తక్కువ. మాయల ఫకీరును కత్తితో నరికితే చావడు. వాడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. బాలవర్ధిరాజు ఆ చిలుకను పట్టి గొంతు నులిమితేగాని ఫకీరు కూలడు. కథ చెప్పేవారికి ఇది ఎంతో సౌకర్యం. శత్రువు ఎంత బలవంతుడైనా సరే, ఒక చిన్న రహస్యం తెలిస్తే చాలు.

సైన్సు కథలు ఈ చిలుకను వదిలిపెట్టలేదు, పేరు మాత్రం మార్చాయి. 1999లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రం ‘ది ఫాంటమ్ మెనేస్’లో మైదానం నిండా మరసైనికులు నిలబడి పోరాడుతుంటారు. వారిని నడిపే ఓడ పైన అంతరిక్షంలో ఉంటుంది. ఆ ఓడ పేలగానే కింద ఉన్న సైనికులందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ‘రోబో’ పతాక సన్నివేశం చూడండి. వందలాది చిట్టీలు కలిసి ఒకసారి బంతిగా, ఒకసారి పాముగా, ఒకసారి మహాకాయుడిగా మారతారు. డాక్టర్ వశీకరణ్ అసలు చిట్టి లోపలి నియంత్రణ పలకను అందుకుని, మిగతా వారందరికీ స్వీయవినాశన ఆదేశం ఇస్తాడు. తరువాత ఎర్రచిప్పు పీకేస్తాడు. చిట్టి మళ్ళీ మంచివాడైపోతాడు. సముద్రాలు ఏడు కాదు, చిలుక రంగు ఆకుపచ్చ కాదు, అంతే తేడా.

మన పాత కథల్లో దీనికి భిన్నమైన దారి కూడా ఒకటి ఉంది. 1949లో వచ్చిన ‘కీలుగుర్రం’ పేరు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కీలు తిప్పితే ఆకాశంలోకి లేచే కొయ్యగుర్రం అది. ఆ గుర్రానికి మెదడు లేదు, బుద్ధంతా పైన కూర్చున్న మనిషిదే. ఇక్కడ మన భాషను కొంచెం గమనించండి. ‘కీలు’ అంటే తిప్పే మేకు, యుక్తి. మోకాలు, మోచేయి వంటి సంధి కూడా కీలే. కీళ్ళనొప్పి అనే మాటలో ఉన్నది ఆ కీలే. యంత్రం రహస్యానికీ శరీరంలోని సంధికీ మన పూర్వులు ఒకే పేరు పెట్టారు. యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి సూచన ఉండదు. కీలెరిగి వాత పెట్టమన్నారు. మన కథకులు మాత్రం కీలును వదిలేసి కపాలాన్ని పట్టుకున్నారు.

తలలోనే ఎందుకు?

‘రోబో’ అన్న మాట పుట్టింది 1920లో, చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో. ఆ మాటను సూచించింది ఆయన సోదరుడు జోసెఫ్. అందులోని రోబోలు ఇనుపవి కావు, జీవపదార్థంతో కర్మాగారంలో తయారయ్యేవి. చాపెక్ ఒక మెలకువ చూపించాడు. ఆయన కర్మాగారంలో మెదళ్ళు తయారుచేసే తొట్లే కాక, నాడులను వడికే మిల్లు కూడా ఉంది. మెదడు ఒక్కటే చాలదు, దాన్ని శరీరానికి కలిపే దారాలు కావాలని ఆయనకు తెలుసు. వందేళ్ళ తరువాత వచ్చిన సినిమాల్లో ఆ నూలుమిల్లు కనిపించదు.

తరువాతి తరంలో ఐజాక్ అసిమోవ్ తన రోబోలకు ‘పాజిట్రానిక్ మెదడు’ పెట్టాడు. పాజిట్రాన్ కణం కనుగొన్నది 1932లో. అప్పటికి అది కొత్త మాట, వినసొంపుగా ఉంది, అందుకే వాడుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. ప్లాటినం, ఇరిడియం కలిసిన ఆ మెదడు రోబో తలలో ఉంటుంది. 1991 నాటి ‘టెర్మినేటర్ 2’లోనూ ఆఖరి చిప్పు కథానాయకుడి కపాలంలోనే ఉంది. మనిషి మెదడు తలలో ఉంది కాబట్టి మనిషిలా కనిపించే యంత్రానికీ అక్కడే ఉండాలని అందరూ అనుకున్నారు.

మనిషి విషయంలోనే ఈ నమ్మకం మొదటినుంచీ ఉన్నది కాదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ బుద్ధికి స్థానం గుండె అన్నాడు. ఈనాటికీ మనం ‘నా మనసులో మాట’ అంటూ చెయ్యి వేసుకునేది ఛాతీ మీదే కదా!

నిజమైన రోబోలను తయారుచేసిన ఇంజినీర్లకు ఇలాంటి మొహమాటం లేదు. బరువు, వేడి, తీగల పొడవు చూసుకుని, వీలున్న చోట కంప్యూటరు పెట్టారు. 1966 నుంచి 1972 వరకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ‘షేకీ’ అనే రోబో ఉండేది. చుట్టూ చూసి, ఆలోచించి కదిలిన తొలి సంచార యంత్రాల్లో అది ఒకటి. దాని అసలు మెదడు వేరే గదిలో ఉన్న పెద్ద కంప్యూటరు, ఇద్దరి మధ్యా రేడియో సంబంధం. అంటే మాయల ఫకీరు చిలుక నిజంగానే ఒక ప్రయోగశాలలో ఉండేదన్నమాట! 2000లో హోండా సంస్థ చూపించిన ‘ఆసిమో’ బడిపిల్లవాడిలా వీపున సంచీ తగిలించుకుని నడిచింది. దాని కంప్యూటరు తలలో లేదు. రెండు కాళ్ళ మీద నడిచే యంత్రానికి బరువంతా తలలో పెడితే తూలిపడుతుంది. అందుకే కెమెరాలను తలలో ఉంచి, మెదడును మొండెంలోకి దించారు.

ఒక లెక్క వేద్దాం

చిట్టి వేగం 1 టెరాహెర్ట్జ్ అని సినిమాలో చెప్పారు. అంటే సెకనుకు 1,00,000 కోట్ల టిక్కులు. పాఠకులు కాగితం, పెన్సిలు తీసుకోండి. విశ్వంలో అన్నిటికన్నా వేగమైనది కాంతి, అది సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చిట్టి మెదడు ఒక్క టిక్కు కొట్టేలోగా ఆ కాంతి పోగలిగేది 0.3 మిల్లీమీటరు మాత్రమే. తల నుంచి చీలమండ వరకు ఒకటిన్నర మీటరు అనుకుందాం. తలలో పుట్టిన ఆదేశం కాంతి వేగంతో పోయినా, పాదం చేరేసరికి మెదడులో 5,000 టిక్కులు గడిచిపోతాయి. పాదం నుంచి కబురు తిరిగి వచ్చేసరికి 10,000. మెదడు ఎంత వేగవంతమైతే, పాదం దానికి అంత దూరదేశమవుతుంది.

మరి మన సంగతి? మన నాడుల్లో అతి వేగమైనవి సెకనుకు 120 మీటర్ల దాకా సంకేతాలు పంపుతాయి. ఒకటిన్నర మీటరుకు సెకనులో 80వ వంతు పడుతుంది. మందకొడి నొప్పిని మోసే సన్నని నాడుల వేగం సెకనుకు మీటరు, అటూ ఇటూ. గడపకు కాలివేలు తగిలినప్పుడు ముందు ‘తగిలింది’ అని తెలుస్తుంది, అసలు బాధ ఒక క్షణం ఆగి వస్తుంది. ఆ మధ్యలోని క్షణమే మన తీగల నెమ్మదితనం.

ఇంత నెమ్మదైన తీగలతో మనం పడిపోకుండా ఎలా నడుస్తున్నాం? ప్రతి చిన్న విషయానికీ మెదడును అడగం కనుక. వేడి పెనం మీద చెయ్యి పడితే వెన్నుపామే చేతిని వెనక్కి లాగుతుంది. పెద్దమెదడుకు ఆ వార్త తరువాత చేరుతుంది. మెదడులోనూ పని పంపకం ఉంది. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, వాటిలో ఐదింట నాలుగు వంతులు తల వెనుక ఉన్న చిన్నమెదడులో ఉన్నాయి. కదలికల్లో పొందిక సాధించడం దాని ముఖ్యమైన పని. ఆక్టోపస్ ఇంకా ముందుకు పోయింది. దాని 50 కోట్ల నాడీకణాల్లో సుమారు మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. తెగిపడిన బల్లితోక ఎగిరెగిరి పడడం మీరంతా చూసే ఉంటారు. ఆ తోకకు ఆజ్ఞ ఇచ్చే తల అక్కడ లేదు.

విల్లియనూరు తేరు చెప్పే పాఠం

నేను ఈ వ్యాసం రాస్తున్న విల్లియనూరు పుదుచ్చేరికి పడమట సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. మట్టిబొమ్మలకు పేరు పడిన ఊరు. ఇక్కడి తిరుకామేశ్వరర్ ఆలయంలో ఏటా వైశాఖ బ్రహ్మోత్సవాలకు తేరు లాగుతారు. ఫ్రెంచి పాలన కాలం నుంచి గవర్నరు వచ్చి మోకు పట్టే ఆనవాయితీ ఉంది. ఇప్పుడు లెఫ్టినెంట్ గవర్నరు ఆ పని చేస్తున్నారు. పత్రికల్లో వచ్చే ఫోటో ఆ మోకు పట్టిన చేతులదే.

మీరు ఎప్పుడైనా ఏ ఊరి తేరైనా చూడబోతే ఫోటో తీసే చోట నిలబడకండి. చక్రం పక్కకు వెళ్ళండి. అంత బరువైన తేరుకు స్టీరింగు లేదు, బ్రేకు లేదు. చక్రాల దగ్గర వంగి నడిచే కొద్దిమంది చేతుల్లో చెక్క దిమ్మలుంటాయి. తేరు ఎడమకు తిరగాలన్నా, వాలులో ఆగాలన్నా, సరైన క్షణంలో సరైన చక్రం కింద దిమ్మ పడాలి. ముందున్న పెద్దమనిషి జెండా ఊపుతాడు, మోకు పట్టిన జనం ఊపు అందిస్తారు, దిమ్మ పట్టినవాడు చక్రాన్ని మాత్రమే చూస్తాడు. ప్రతి దిమ్మకూ జెండా కోసం ఎదురుచూస్తే తేరు ఎవరి ఇంటి అరుగో ఎక్కేస్తుంది.

ఈ తేరు మెదడు ఎక్కడ ఉంది? జెండాలోనా, మోకులోనా, దిమ్మలోనా? ప్రశ్న వేసిన తీరులోనే పొరపాటు ఉందని మీకు ఈపాటికి తోచే ఉంటుంది. ‘ఎటు పోవాలి’ అన్నది ఒక చోట, ‘ఎంత బలం’ అన్నది ఒక చోట, ‘ఇప్పుడు ఆపాలా’ అన్నది మరో చోట తేలుతున్నాయి.

నడిచే రోబోలు అచ్చంగా ఇలాగే పనిచేస్తాయి. ‘ఆ తలుపు దాకా వెళ్ళు’ అన్న నిర్ణయం పై కంప్యూటరు తీరిగ్గా చేస్తుంది. అడుగు ఎక్కడ వేయాలన్నది మధ్య అంచె చూసుకుంటుంది. ఒక్కొక్క కీలు దగ్గర ఉన్న చిన్న నియంత్రకం మోటారును సెకనుకు వందల నుంచి వెయ్యిసార్ల దాకా సరిదిద్దుతూ ఉంటుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో రాడ్నీ బ్రూక్స్ బృందం 1989లో ‘చెంఘిస్’ అనే ఆరుకాళ్ళ యంత్రాన్ని నడిపించి చూపింది. దానికి పెత్తనం చేసే మెదడంటూ లేదు. 57 చిన్న నియంత్రణ యంత్రాంగాలు ఒకదానితో ఒకటి సర్దుకుపోతూ దాన్ని నడిపాయి.

మన ఇంటి ఉదాహరణ కూడా ఉంది. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3లోని విక్రమ్ ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. భూమి నుంచి ఆదేశం వెళ్ళి జవాబు రావడానికి రెండున్నర సెకన్లకు పైనే పడుతుంది. అందుకే ఆ చివరి దిగుడులో బెంగళూరు కేంద్రంలోని వారు చూస్తూ కూర్చున్నారు. ఎత్తు, వేగం కొలుచుకుని ఇంజన్లను సర్దుకున్నది విక్రమే.

బుజ్జికి ఒళ్ళు దొరికింది, మరి నడక?

ఈ నేపథ్యంలో 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ని మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. బుజ్జి మొదట శరీరం లేని చిన్న యంత్రమేధ, తరువాత భైరవ బండిలో చేరుతుంది. మెదడు వేరు, ఒళ్ళు వేరు అని ఇంత స్పష్టంగా ఒక తెలుగు సినిమా చెప్పడం ముచ్చటగా ఉంది. ఒళ్ళు లేని యంత్రానికి ఒళ్ళు కావాలనిపించడం మంచి ఊహ.

కాని ఊహ అక్కడే ఆగిపోయింది. సైకిలు వచ్చినవాడు లారీ ఎక్కగానే నడపగలడా? కొత్త ఒళ్ళు అంటే కొత్త బరువు, కొత్త చక్రాలు, కొత్త తప్పులు. సినిమా కోసం కోయంబత్తూరులో నిజంగా తయారుచేసిన బుజ్జి బండి బరువు దాదాపు 6 టన్నులు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనుక ఒక గుండ్రని చక్రం. దాన్ని తిప్పడానికి ఇంజినీర్లు పడిన పాట్లు వేరే కథ. బయట రోడ్ల మీద దాన్ని నడిపింది లోపల కూర్చున్న మనుషులే. తెర మీద బుజ్జి తన కొత్త చక్రాలతో తడబడి, గోడకు గుద్దుకుని, నేర్చుకునే దృశ్యం ఒక్కటుంటే ఎంత నవ్వు, ఎంత జాలి పుట్టేవి! 2015లో అమెరికాలోని పొమోనాలో జరిగిన డార్పా రోబో పోటీల్లో, తలుపు తీయబోయి వెల్లకిలా పడిన రోబోలను చూసి ప్రేక్షకులు అయ్యో అన్నారు. పడిపోయే యంత్రం మీద మనకు మమకారం కలుగుతుంది.

కథ దెబ్బతినకుండా ఇది సాధ్యమా అనేవారికి అసిమోవే సమాధానం. 1942 నాటి ఆయన కథ ‘రనరౌండ్’లో బుధగ్రహం మీద స్పీడీ అనే రోబో ఉంటుంది. ఆజ్ఞను పాటించాలన్న నియమం ముందుకు తోస్తుంది, ప్రాణం కాపాడుకోవాలన్న నియమం వెనక్కి లాగుతుంది. రెండు బలాలూ సరిసమానమైన చోట అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. విలన్ లేడు, దుష్ట చిప్పు లేదు. నియంత్రణలోని చిక్కే కథ అయింది. ఎనభై ఏళ్ళు దాటినా దాని పట్టు సడలలేదు.

ఎర్రచిప్పు తీర్పు

చివరగా కోర్టు సంగతి. ‘రోబో’లో మరసైన్యం చేసిన మారణకాండకు వశీకరణ్‌కు మరణశిక్ష పడుతుంది. అప్పుడు చిట్టి, తనలో బోరా ఎర్రచిప్పు అమర్చుతున్న దృశ్యాన్ని చూపిస్తాడు. వశీకరణ్ విడుదలవుతాడు, చిట్టిని విడదీయమని తీర్పు వస్తుంది. చిట్టి తన చేతులతోనే తనను విప్పుకునే ఆ దృశ్యం కంటతడి పెట్టిస్తుంది, కాదనను. కాని తీర్పును ఒకసారి తూచి చూడండి. అంత శక్తిగల యంత్రాన్ని కోపంలో ముక్కలు చేసి చెత్తకుప్పలో పారేసింది ఎవరు? ఆ ముక్కలు ఎవరి చేతికైనా చిక్కుతాయన్న ఆలోచన ఎవరికి ఉండాలి? కోర్టు అడగలేదు. చిలుక దొరికింది కదా!

ఇది సినిమాకే పరిమితమైతే ఈ వ్యాసం అక్కరలేదు. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపి పట్టణంలో, ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టింది. ఆమె మరణించింది. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి 2019లో తన విచారణ ఫలితాలు ప్రకటించింది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. కాని ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని పోల్చుకుంటూ, పోలిక మారిన ప్రతిసారీ లెక్క మొదటికి తెచ్చుకుంది. కారు తయారీదారు అమర్చిన అత్యవసర బ్రేకు, కంప్యూటరు నడుపుతున్నప్పుడు పనిచేయకుండా ఆపి ఉంచారు. పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగిని సెల్‌ఫోను చూస్తోంది. సంస్థలో భద్రతా పద్ధతులు చాలినంతగా లేవు. జెండా, మోకు, దిమ్మ, మూడూ తప్పాయి. అయినా నేర విచారణ సాగింది ఆ ఉద్యోగిని ఒక్కరి మీదే. సంస్థపై నేరాభియోగానికి ఆధారం లేదని ప్రాసిక్యూటరు 2019లోనే తేల్చారు.

రేపు ఇలాంటి యంత్రాలు మన రోడ్ల మీదికి, ఆసుపత్రుల్లోకి వచ్చినప్పుడు ప్రమాదం జరిగితే, ఒక చిప్పునో ఒక చిన్న ఉద్యోగినో చూపించి ‘ఇదిగో చిలుక’ అనేవారు తప్పకుండా ఉంటారు. చిన్నప్పటి నుంచి చిలుక కథలే విన్న మనం సులభంగా నమ్మేస్తాం.

అందుచేత పాఠకులకు ఒక విన్నపం. ఈసారి మరమనిషి కథ చదివినా, సినిమా చూసినా, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నిర్ణయం ఎక్కడ చేస్తోంది? ఆ నిర్ణయం కీలు దాకా చేరడానికి ఎంతసేపు పడుతోంది? మధ్యలో కబురు అందకపోతే దిమ్మ వేసేది ఎవరు? పిల్లలతో చూస్తుంటే వారిని కూడా అడగండి. మొదటి ప్రశ్నకు వారు తలనే చూపిస్తారు. మిగతా రెంటికీ జవాబులు వెతకడం మొదలుపెడితే మీకూ వారికీ ఆ సాయంత్రం చాలదు.